కుటుంబాలతో కలిసి ‘ప్రిసిల్లా’ చూడవచ్చునా?

ప్రశ్న:
మెల్‌బోర్న్‌లో మా తెలుగు కుటుంబాలు కొన్ని అప్పుడప్పుడు ఒకచోట చేరి సినిమా చూసి చర్చించుకుంటాయి. ఈసారి 1994 నాటి ఆస్ట్రేలియా చిత్రం ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ ప్రిసిల్లా, క్వీన్ ఆఫ్ ది డెజర్ట్’ వేద్దామని నేను ప్రతిపాదించాను. ఆడవేషాలు కట్టి పాటలకు ఆడే డ్రాగ్ కళాకారుల కథ అనగానే, ఊరి నుంచి వచ్చిన పెద్దలు ఇబ్బంది పడతారని కొందరు, పిల్లలు అడిగితే ఏం చెప్పాలని మరికొందరు సందేహించారు. ముందుగా ఏమి చెప్పాలో, ఏ వయసు పిల్లలను కూర్చోబెట్టవచ్చో చూసినవారు దయచేసి తెలుపగలరు.

మొదటి సమాధానం:
వేషాల గురించిన వివరణతో మొదలుపెట్టకండి. ఇది కొడుకు ఎదుట నిలబడటానికి భయపడే తండ్రి కథ అని చెప్పండి. సిడ్నీలో ప్రదర్శనలిచ్చే టిక్‌కు (హ్యూగో వీవింగ్) ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఉంటున్న భార్య మారియన్ నుంచి పిలుపు వస్తే, తనకు భార్య ఉన్న సంగతి కూడా తెలియని ఇద్దరు తోటి కళాకారులతో పాత బస్సులో ఎడారి దారి పడతాడు. దారి పొడవునా నవ్వులున్నా, తాను చేసే పని చూసి పిల్లవాడు ఏమనుకుంటాడన్న బెంగ అతన్ని వదలదు. వేదిక మీద ఉండగా కొడుకు చూస్తున్నాడని గమనించి స్పృహ తప్పుతాడు, ఆ తరువాత వాడి ముందు లేని మగతనం నటించబోతాడు. పిల్లవాడికి అవేవీ అక్కరలేదు, ఎందుకంటే తల్లి వాడి దగ్గర ఏదీ దాచలేదు. నా దృష్టిలో ఈ చిత్రానికి వెన్నెముక ఆమే. చర్చను ఆమె పాత్రతోనే ప్రారంభించండి.

ముగ్గురినీ ఒకే గాటన కట్టకూడదన్నది మాత్రం ముందే చెప్పాలి. టెరెన్స్ స్టాంప్ పోషించిన బెర్నడెట్ ట్రాన్స్ మహిళ, వేదిక దిగినా ఆమె స్త్రీయే. టిక్‌కూ, గై పియర్స్ పోషించిన ఆడమ్‌కూ స్త్రీవేషం ఒక ప్రదర్శన. ఇది తెలియకపోతే, ఆడమ్ ఆమెను పాత పేరుతో పిలిచి ఏడిపించినప్పుడు ఆమెకు ఎందుకంత కోపం వస్తుందో అర్థం కాదు.

రెండవ సమాధానం:
పెద్దలకు స్థానం నరసింహారావు గారి సత్యభామను గుర్తు చేయండి. స్త్రీపాత్రలతోనే తెలుగు నాటకరంగాన్ని ఏలి, 1956లో పద్మశ్రీ అందుకున్న నటుడాయన. అయితే పోలికను అంతకు మించి లాగవద్దు. ఆయన వేషంలో పురుషుడున్నాడని ప్రేక్షకుడు మరచిపోవడమే గొప్ప. ఇక్కడి ప్రదర్శనలు ఆ సంగతిని మరువనీయవు, హాస్యమంతా ఆ అతిశయంలోనే పుడుతుంది. హవాయి చెప్పులతో కూర్చిన గౌను చూస్తే మీకే తెలుస్తుంది. ఈ చిత్రం దుస్తులకు లిజ్జీ గార్డినర్, టిమ్ చాపెల్ ఆస్కార్ అందుకున్నారు.

పిల్లల విషయంలో నా సలహా, 15 ఏళ్లు దాటినవారైతే మంచిది. బూతు మాటలు చాలా ఉన్నాయి, దారిలో వచ్చే కూబర్ పీడీ పట్టణంలో ఆడమ్ మీద జరిగే దాడి భయపెడుతుంది. ఇంకొకటి తప్పక చెప్పాలి. దారిలో కలిసే బాబ్ అనే మెకానిక్‌కు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన భార్యగా కనిపించే సింథియాను చిత్రించిన తీరు, బార్‌లో ఆమె చేసే అశ్లీల ప్రదర్శనతో సహా, అవమానకరమని విడుదలైన నాటి నుంచీ విమర్శ ఉంది, ఆ విమర్శ న్యాయమైనది. ఒక వర్గం గౌరవం కోసం నిలబడిన చిత్రం ఒక ఆసియా స్త్రీని నవ్వులపాలు చేయడం, వలస వచ్చిన మన కుటుంబాలు దాటవేయకుండా మాట్లాడుకోవలసిన విషయం.

మూడవ సమాధానం:
ఇంట్లో కాక హాలు తీసుకుని వేసేటట్లయితే, టికెట్టు పెట్టకపోయినా బహిరంగ ప్రదర్శనకు హక్కుదారుల అనుమతి అవసరం కావచ్చు. కొన్న డిస్కుతోనో, ఓటీటీ చందాతోనో ఆ హక్కు రాదు. తేదీ ప్రకటించక ముందే పంపిణీదారులకు రాయండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. హాలు ఆలోచన మాని మా ఇంట్లోనే వేస్తున్నాము. చిన్న పిల్లలకు ఆ సాయంత్రం వేరే ఏర్పాటు చేశాము. సింథియా సన్నివేశం గురించి ఆహ్వానంలోనే రాశాను.