నడక ఎముకలకు చాలుతుందా, బరువులు ఎత్తాల్సిందేనా?

కొత్తసభ్యురాలు: మెనోపాజ్ దాటాక నడుము టీ-స్కోరు (ఎముక సాంద్రత ఎంత తగ్గిందో స్కాన్‌లో చూపే అంకె) మైనస్ 2 దగ్గరుంటే రోజూ గంట నడిస్తే చాలని కొందరంటారు. బరువులు ఎత్తకపోతే లాభం లేదని ఇంకొందరు. ఏది నమ్మాలి?

నడకదారి: నడకే. అడుగు వేసిన ప్రతిసారీ తుంటి కీలు మీద ఒంటి బరువుకు రెండున్నర, మూడు రెట్ల భారం పడుతుంది. గంటలో వేల అడుగులు. ఎముకకు ఇంతకంటే ఏం కావాలి? పైగా నేర్పేవాళ్లు అక్కర్లేదు, దెబ్బ తగిలే భయమూ తక్కువ.

ఇనుపకడ్డీ: అంకె సరైనదే, దాన్నుంచి మీరు తేల్చిందే తప్పు. ఆ మూడు రెట్లు ఎముకకు నడక నేర్చిన నాటి నుంచీ అలవాటు. అలవాటైన భారానికి ఎముక కొత్తగా ఏమీ కట్టదు. ఎముక లోపల సన్నటి కాలవల్లో ఆస్టియోసైట్లనే కణాలుంటాయి. బరువు పడి ఎముక వెంట్రుకవాసి వంగితే ఆ కాలవల్లో ద్రవం కదులుతుంది. ఆ కదలిక మామూలు కంటే గట్టిగా, వేగంగా ఉంటేనే కణాలు స్పందించి స్క్లెరోస్టిన్ తయారీ తగ్గిస్తాయి. ఎముక కట్టే పనికి బ్రేకు వేసి ఉంచేది ఆ ప్రొటీనే. వేల అడుగులు వేసినా ఆ బ్రేకు వదలదు. 1984లో రూబిన్, లాన్యన్ అనే శాస్త్రవేత్తలు కోడిపుంజు రెక్క ఎముక మీద రోజుకు 36 సార్లు భారం వేసి చూశారు, 1800 సార్లూ వేసి చూశారు. రెండోదానితో అదనంగా ఒరిగిందేమీ లేదు.

మూడోఅంతస్తు: బరువులతో గుంజీలు తీస్తే మోకాళ్లు అరిగిపోవూ?

ఫిజియో_కలం: కీలులో ఎముకల చివర్లను కప్పి ఉంచే మెత్తటి పొర కార్టిలేజ్. దానికి రక్తనాళాలు ఉండవు. నొక్కినప్పుడు దానిలోని ద్రవం బయటికి పోతుంది, వదిలినప్పుడు కీలులోని ద్రవం దాని లోపలికి వస్తుంది. దానికి తిండి అలాగే అందాలి, కాబట్టి కదలని మోకాలికే నష్టం ఎక్కువ. చేసేటప్పుడు నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాటికి మామూలైపోవాలి. వాపు వస్తే బరువు తగ్గించండి, మానేయకండి.

నడకదారి: కోడిపుంజుల సంగతి ఎందుకండీ, ఆ టీ-స్కోరున్న ఆడవాళ్ల మీద ఏముందో చెప్పండి.

ఇనుపకడ్డీ: ఉంది. ఆస్ట్రేలియాలో చేసిన లిఫ్ట్‌మోర్ పరిశోధన, 2018లో వెలువడింది. ఎముక సాంద్రత తగ్గిన 101 మంది, అందరూ మెనోపాజ్ దాటినవాళ్లే. వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు. డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువు పట్టుకుని లేచి నిలబడటం), స్క్వాట్ (బరువుతో గుంజీలు), తలపైకి ఎత్తే ప్రెస్, ఒక్కోటి ఐదేసి సార్లు ఐదు సెట్లు, ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 85 శాతానికి పైన. వీటికి తోడు కడ్డీ పట్టుకుని ఎగిరి దబ్బున దిగడం. నడుములో సాంద్రత సుమారు 3 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసినవాళ్లకు ఒక శాతం పైగా తగ్గింది.

నడకదారి: 85 శాతమా! గుల్లబారిన వెన్ను మీద 85 శాతమా!

ఇనుపకడ్డీ: 85 శాతం అంటే వంద కిలోలని కాదండీ. వరసగా ఐదారుసార్లు ఎత్తి, ఏడోసారి ఎత్తలేనంత బరువు. ఒకరికి అది పదిహేను కిలోలే కావచ్చు. మొదటి నెలంతా తేలిక బరువులతో పద్ధతి నేర్పాకే అక్కడికి తీసుకెళ్లారు.

నడకదారి: ఏదైనా నేలమీది బరువు అందుకోవాలంటే వంగాలి కదా. అమెరికాలోని మేయో క్లినిక్‌లో 1984లోనే తేలింది: వెన్ను గుల్లబారినవాళ్లలో ముందుకు వంగే వ్యాయామాలు చేసినవాళ్లకు 89 శాతం మందికి కొత్తగా వెన్నుపూసలు నలిగాయి. వెనక్కి వంచే వ్యాయామాలు చేసినవాళ్లలో 16 శాతమే.

ఇనుపకడ్డీ: ఆ 89 శాతం గుంపులో ఉన్నది తొమ్మిది మంది! ఏ వ్యాయామమూ చేయని గుంపులో 67 శాతం మందికి నలిగాయి, అదెందుకు చెప్పరు?

నడకదారి: ఆ గుంపులో ఆరుగురే. మీ అంకెకు ఒక న్యాయం, నా అంకెకు ఇంకో న్యాయమా?

ఫిజియో_కలం: ఇద్దరూ కాస్త ఆగండి. నలిగేది నడుం గుండ్రంగా వంగినప్పుడు, బరువంతా వెన్నుపూస ముందు అంచు మీద పడి. డెడ్‌లిఫ్ట్‌లో వంగాల్సింది తుంటి దగ్గర. ఒక కర్రను వీపు మీద నిలువుగా పట్టుకోండి. తల వెనక, భుజాల రెక్కల మధ్య, తోక ఎముక, ఈ మూడు చోట్లా తాకాలి. మోకాళ్లు కొద్దిగా వదులు చేసి పిరుదులు వెనక్కి తోయండి. కర్ర ఎక్కడ వీడితే అక్కడ ఆగి లేవండి, ఆ రోజుకు మీ లోతు అంతే. ఇరవైసార్లు వీడకుండా చేశాకే చేతిలోకి బరువు.

నడకదారి: ఆ కర్ర వీడిందో లేదో చూసేవాళ్లు లేని ఇంటి సంగతే నేను మొదటి నుంచీ అడుగుతున్నది! ఆ పరిశోధనలో ప్రతి సెషన్‌కూ పక్కన శిక్షకులున్నారు. ఇక్కడ చదివి రేపు ఒంటరిగా ఎత్తబోయే మనిషికి ఎవరున్నారు? తుంటి విరిగేది సాంద్రత 3 శాతం తగ్గినందుకు కాదండీ, పడినందుకు.

ఇనుపకడ్డీ: పడకుండా ఆపేదీ మీ నడక కాదు, కాళ్లలో బలమూ నిలకడా. రిపోర్టు చేతికిచ్చి "బరువులు ఎత్తకండి, జాగ్రత్త" అని పంపించేస్తారు. ఆమె ఆరేళ్లు జాగ్రత్తగానే ఉంటుంది. ఈలోగా తొడ కండ కరిగిపోయి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేని స్థితికి వస్తుంది. నా కోపమంతా ఆ మాట మీదే, మీ మీద కాదు.

నడకదారి: ఆ మాట నేనూ అనను. ఒంటరిగా మొదలుపెట్టేవాళ్లకు మొదటి మెట్టుగా 85 శాతం చెప్పకండి అంటున్నాను, అంతే.

కొత్తసభ్యురాలు: నేర్పేవాళ్లు దొరక్కపోతే మొదటి మెట్టు ఏమిటి మరి?

ఫిజియో_కలం: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, ఎనిమిదేసి మూడు సెట్లు. సులువైతే ఛాతీకి ఆనించి బరువు పట్టుకోండి. పైన చెప్పిన కర్ర సాధన. గోడ పక్కన నిలబడి ఒక పాదం ముందు ఇంకో పాదం, మడమకు వేళ్లు ఆనేలా, అరనిమిషం. గట్టు పట్టుకుని మడమలు ఎత్తి ఒక్కసారిగా నేలకు వదలడం, పది పది చొప్పున పొద్దున, సాయంత్రం. మధ్యలో గంటల విరామం దొరికితే ఎముక కణాలు మళ్లీ స్పందిస్తాయి. స్కాన్ ఏడాది లోపు వద్దు, తేడా తెలియదు. తీయించినప్పుడు అదే మెషీన్ మీద తీయించండి.

ఇనుపకడ్డీ: మూడు నెలలకు ఇది సులువైపోతుంది. అక్కడే ఆగిపోతే మళ్లీ అలవాటైన భారమే. బరువు పెంచుతూ పోవాలి, అప్పుడైనా నేర్పేవాళ్లను వెతకాలి.

నడకదారి: పెంచే ముందు గోడకు నిలబడి ఎత్తు కొలుచుకోండి. వయసులో ఉన్నప్పటి ఎత్తు కంటే నాలుగు సెంటీమీటర్లు తగ్గి ఉంటే వెన్ను ఎక్స్‌రే తీయించకుండా ఏ బరువూ ముట్టుకోకండి. పూస నలిగినా చాలామందికి నొప్పి తెలియదు.

ఇనుపకడ్డీ: ఇది ఒప్పుకుంటాను. ఎక్స్‌రే బాగుంటే మాత్రం నడక దగ్గరే ఆపేయమనకండి.