కన్సోల్‌లో ఆన్‌లైన్ ఫాంటసీ ఆట: మీ మొదటి రోజులు ఎలా గడిచాయి?

కొత్తమొలక

ఇన్నేళ్లూ కన్సోల్‌లో, అంటే టీవీకి తగిలించి ఆడే ఆటల యంత్రంలో, ఒంటరిగా ఆడుకునే కథల ఆటలే ఆడాను. ఎందరో మనుషులు ఒకే లోకంలో కలిసి తిరిగే ఆన్‌లైన్ ఆటలోకి రావడం ఇదే మొదటిసారి. ఫైనల్ ఫాంటసీ 14ను ఉచిత ట్రయల్‌లో, అంటే 70వ లెవెల్ వరకు గడువేమీ లేకుండా ఆడనిచ్చే పద్ధతిలో, మొదలుపెట్టి వారమైంది. మంత్రాలతో వైద్యం చేసే కంజురర్ వృత్తిని ఎంచుకున్నందువల్ల నా కథ గ్రిడానియా అనే అడవి నగరంలో మొదలైంది.

మొదటి సాయంత్రమే జరిగిన ఒక సంగతి నన్ను కట్టిపడేసింది. చోకోబో అనే పెద్ద పక్షిపై స్వారీ చేస్తూ నన్ను దాటిపోయిన ఒక ఆటగాడు, నా పేరు పక్కన, కొత్తవారికి ఉండే మొలక గుర్తును చూసి కాబోలు, వెనక్కి తిరిగి వచ్చి, పక్షి దిగి, వంగి నమస్కరించి వెళ్లారు. ఒంటరి ఆటల్లో ఊరి కూడలిలో నిలబడిన వాళ్లంతా బొమ్మలేనని మనకు తెలుసు కనుక వాళ్లకు బదులు చెప్పాలన్న ఆలోచనే రాదు. ఇక్కడ మాత్రం ఆ నమస్కారానికి ప్రతినమస్కారం చేయాలని మెనూల్లో వెతుకుతూ ఉండగానే ఆయన కనుమరుగయ్యారు, అది ఈరోజుకీ మనసులో వెలితిగానే ఉంది.

ఇక ఇబ్బందులంటారా, టీవీకి దూరంగా కూర్చోవడం వల్ల అక్షరాలు ఆనడం లేదు, ఏ బటన్ దేనికో చేతికి ఇంకా పట్టుబడలేదు. మీకు ఎన్నాళ్లకు అలవాటైందో, దేన్ని ఎలా మార్చుకున్నారో చెప్పగలరా?

ఎడమట్రిగ్గర్

కొత్తమొలక గారూ, బటన్ల గురించి నాకు తెలిసినంత చెబుతాను. ఈ ఆటలో కంట్రోలర్‌పై ఎడమ ట్రిగ్గర్ అయిన ఎల్2 నొక్కిపట్టి ఉంచితే 8 నైపుణ్యాలు, కుడి ట్రిగ్గర్ అయిన ఆర్2 నొక్కిపట్టి ఉంచితే మరో 8, వెరసి 16 ఒకే వరుసలో అందుబాటులో ఉంటాయి. దాని పైనున్న ఆర్1 బటన్‌తో వరుస మార్చుకోవచ్చు, అటువంటివి మొత్తం 8 వరుసలు ఉన్నాయి. లెక్క వినగానే గుండె జారుతుంది గానీ, సాధారణంగా ఒక మంత్రానికీ మరో మంత్రానికీ మధ్య 2.5 సెకన్ల వ్యవధి ఉంటుంది కనుక, వేలు వెతుక్కుంటూ వెళ్లడానికి ఆట మనకు సమయం ఇస్తూనే ఉంటుంది.

నేను చేసిన పెద్ద పొరపాటు ఏమిటంటే, కొత్త నైపుణ్యం వచ్చినప్పుడల్లా ఖాళీగా కనిపించిన చోట దాన్ని పడేశాను. ఒక్క పాత్రతోనే అన్ని వృత్తులూ నేర్చుకోగలిగే ఆట ఇది. ప్రతి వృత్తికీ బటన్ల అమరిక వేరుగా ఉంటుంది కనుక, రెండో వృత్తికి మారిన రోజున నా వేళ్లకు ఏదీ గుర్తు లేదు. ఒక ఆదివారమంతా కూర్చుని అన్నింటినీ చెరిపి మళ్లీ పేర్చాను. ఏ వృత్తిలోనైనా ప్రాణం కాపాడే నైపుణ్యం ఒకే బటన్ మీద, తరచూ వాడే దాడులు కుడి బొటనవేలి కింద, అరుదుగా వాడేవి ఎడమవైపు ఉంచుకున్నాను. ఆ మరుసటి వారం నుంచి బటన్ల వైపు చూడటమే మానేశాను.

దీపస్తంభం

అక్షరాల విషయంలో నాదీ అదే అవస్థ. సెట్టింగ్స్‌లో సంభాషణల అక్షరాలను పెద్దవిగా చేసుకోండి, తెరపై కనిపించే పట్టీలను కూడా ఒక్కొక్కటిగా పెంచుకోవచ్చు.

నేను మొదలుపెట్టింది ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ అనే ఇటువంటి మరో ఆటతో. 2015 జూన్‌లో కన్సోల్‌కు వచ్చిన ఆ ఆటలో పాత్రలన్నీ గొంతుతో మాట్లాడతాయి కాబట్టి చదవవలసిన భారం చాలావరకు తగ్గుతుంది. ఒక పట్టీలో 5 నైపుణ్యాలు, వాటితోపాటు ఒక మహాశక్తి మాత్రమే ఉంటాయి. 15వ లెవెల్‌లో రెండో ఆయుధంతోపాటు రెండో పట్టీ వస్తుంది. కంట్రోలర్‌కు కొత్తవారికి ఈ పొదుపు ఎంతో మేలు చేస్తుందని నా అభిప్రాయం. అయితే దాడి చేయడం, దెబ్బ కాచుకోవడం రెండూ ట్రిగ్గర్ల మీదే ఉండటంతో, శత్రువు చేయి ఎత్తిన క్షణాన్ని కనిపెట్టి కాచుకోవలసిన తొందర ఇక్కడ ఎక్కువ. నిదానంగా ఆలోచించి ఆడేవారికి మీరు ఎంచుకున్నదే నయం.

చల్లనిచేయి

మీరూ వైద్యం చేసే వృత్తిలోనే ఉన్నారు కనుక, నా మొదటి డంజన్, అంటే జట్టుగా వెళ్లి శత్రువులతో పోరాడే చోటు, సంగతి మీకు చెప్పి తీరాలి. 15వ లెవెల్‌లో సస్తాషా అనే గుహకు నలుగురం వెళ్లాం. శత్రువుల దెబ్బలను తన మీదకు తీసుకునే ట్యాంక్ ఒకరు, వైద్యం చేసే హీలర్‌గా నేను, దాడి చేసే ఇద్దరు. డీప్యాడ్‌పై, అంటే కంట్రోలర్‌లోని నాలుగు బాణాల బటన్లపై, పైకీ కిందికీ నొక్కితే మన జట్టులోని వారు, ఎడమకూ కుడికీ నొక్కితే శత్రువులూ ఎంపికవుతారు. కంగారులో నా బొటనవేలు పక్కకు జారింది. గురి శత్రువు మీద ఉండగా వైద్య మంత్రం వేస్తే అది మన మీదే పనిచేస్తుందని నాకప్పటికి తెలియదు. ట్యాంక్ ప్రాణం తరిగిపోతుంటే, నిండా ప్రాణంతో ఉన్న నాకు నేనే వరుసగా మూడుసార్లు వైద్యం చేసుకున్నాను. ఆయన పడిపోయారు, వెనువెంటనే అందరం పడిపోయాం.

తిట్లు తప్పవనుకుని ముడుచుకుపోయాను. ఆయన మాత్రం తిరిగి మొదటికి వచ్చి నిలబడి, "డీప్యాడ్ పైకీ కిందికీ మాత్రమే నొక్కండి, మీరు సరే అనేదాకా నేను కదలను" అని చాట్‌లో రాశారు. నేను ఒక్కొక్కరినీ ఎంచుకుని చూసుకుంటున్నంతసేపూ ముగ్గురూ ఆగారు. ఆ రాత్రి ఆయన ఆగి ఉండకపోతే నేను ఈ ఆటను అక్కడితో వదిలేసి ఉండేదాన్ని. మీరు డంజన్‌కు వెళ్లేముందు ఊరి బయట దారిన పోయేవారిని ఎంచుకుని వైద్యం చేయడం సాధన చేయండి. దానికి ఎవరూ ఏమీ అనుకోరు, పైగా సంతోషిస్తారు.

పాతలోకం

మీరంతా చెబుతున్నది చదువుతుంటే డ్రీమ్‌కాస్ట్ అనే పాత కన్సోల్ రోజులు గుర్తుకు వస్తున్నాయి. 2000లో వచ్చిన ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్‌లో నలుగురు కలిసి ఆడేవాళ్లం. అందులో మాటలను జాబితా నుంచి ఎంచుకుంటే ఎదుటివారికి వారి భాషలో కనిపించేవి. తరువాత 2002లో ప్లేస్టేషన్ 2కు వచ్చిన ఫైనల్ ఫాంటసీ 11కు హార్డ్‌డిస్క్ కూడా తగిలించుకోవలసి వచ్చేది. 2016 మార్చిలో కన్సోల్‌లో దాన్ని ఆపేసే వరకు అందులో నేను సంపాదించుకున్న స్నేహాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

కంట్రోలర్‌తో పోరాటం ఎవరికైనా పట్టుబడుతుంది. కన్సోల్‌లో నిజంగా లోటయ్యేది మాట. తెరపై ఒక్కొక్క అక్షరం ఏరుకుని వాక్యం పూర్తిచేసే లోపు జట్టు ముందుకు సాగిపోతుంది, దాంతో కొత్తవారు మౌనంగా ఉండిపోతారు, వారి మౌనాన్ని పొగరనుకునేవారూ ఉంటారు. యూఎస్‌బీ కీబోర్డ్ ఒకటి తగిలించండి. అంతవరకు మీరు ఆడే ఫైనల్ ఫాంటసీ 14లోనూ నాలుగు భాషల్లోకి తనంతట తానే మారే సిద్ధవాక్యాలు ఉన్నాయి, వాటిని వాడండి. సైగలను కూడా నైపుణ్యాల మాదిరిగానే బటన్ల మీద పెట్టుకోవచ్చు.

కొత్తమొలక

సైగలను బటన్ మీద పెట్టుకోవచ్చని నాకు తెలియనే తెలియదు. ఇప్పుడే ఎల్2తోపాటు కింది బాణం నొక్కితే నమస్కరించేలా అమర్చుకున్నాను. ఎడమట్రిగ్గర్ గారు చెప్పినట్టు మిగతావన్నీ చెరిపి మళ్లీ పేర్చుకున్నాను. రెండు గంటలుగా నగరద్వారం దగ్గర నిలబడి, వచ్చేపోయేవారిని ఎంచుకుంటూ వైద్యం చేస్తున్నాను. వారిలో ముగ్గురు ఆగారు, ముగ్గురికీ నమస్కరించగలిగాను. ఇంకొక్క లెవెల్ పెరిగితే 15 అవుతుంది, రేపు రాత్రి సస్తాషాకు హీలర్‌గానే వెళ్తాను.