ఆఫీసు మెషీన్ లాక్ కాకుండా స్క్రిప్ట్‌తో మౌస్ కదపడం: తప్పేంటి?

రాత్రిషిఫ్ట్
నాది డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మెనూలు తెరిచి బటన్లు నొక్కే ఆటోమేషన్ టెస్టులు రాత్రంతా నడవాలి. ఆఫీసు విండోస్ మెషీన్ కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే లాక్ పడుతుంది, అక్కణ్ణుంచి టెస్టులన్నీ వరసగా ఫెయిల్. అందుకని నిమిషానికోసారి మౌస్‌ని ఒక పిక్సెల్ అటూ ఇటూ జరిపే చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసుకున్నాను. ఐటీ వాళ్లు చూసి వెంటనే తీసెయ్యమన్నారు. పని ఎగ్గొట్టడానికి కాదు కదా, పని జరగడానికే వాడుతున్నా. ఇందులో తప్పేంటో ఎవరైనా చెప్పండి.

పెంగ్విన్‌పిల్ల
మౌస్ జోలికి ఎందుకు పోవడం? విండోస్‌లో సెట్‌థ్రెడ్‌ఎగ్జిక్యూషన్‌స్టేట్ అనే ఫంక్షన్ ఉంది, పైథాన్‌లో సీటైప్స్ అనే లైబ్రరీతో ఒక్క లైనులో పిలవచ్చు. కంటిన్యువస్, సిస్టమ్ రిక్వైర్డ్ ఫ్లాగులు కలిపి ఇస్తే మెషీన్ నిద్రపోదు. డిస్‌ప్లే రిక్వైర్డ్ కూడా చేరిస్తే స్క్రీన్ ఆరిపోదు. ప్రోగ్రామ్ ముగిసినా, మధ్యలో క్రాష్ అయినా ఆ కోరిక దానంతటదే రద్దైపోతుంది. కోడ్ రాసే ఓపిక లేకపోతే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో అవేక్ అనే టూల్ ఉంది, లోపల అదీ చేసేది ఇదే. మాక్‌లో టెర్మినల్ తెరిచి కెఫినేట్ అని కొట్టడమే. లినక్స్‌లో సిస్టమ్‌డీ-ఇన్‌హిబిట్.

రాత్రిషిఫ్ట్
అదీ చూశానండీ. స్లీప్ ఆగింది, లాక్ ఆగలేదు. నాకు అడ్డం లాకే.

సర్వర్ సత్తెన్న
ఆగదు తమ్ముడూ. అది స్క్రీన్‌సేవర్‌ని ఆపదని మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. చాలా ఆఫీసుల్లో లాక్ వచ్చేది పాస్‌వర్డ్ పెట్టిన స్క్రీన్‌సేవర్ రూపంలోనే.

ఐడిల్ (ఖాళీగా ఉండటం) అంటే రెండు వేర్వేరు సంగతులు, ఇక్కడ అందరూ వాటిని ఒకే గాటన కడుతున్నారు. ఒకటి కరెంటు లెక్క: మెషీన్‌కి పనుందా, పడుకోవచ్చా? రెండోది మనిషి లెక్క: సీట్లో ఎవరైనా ఉన్నారా? మొదటిదానికి ప్రోగ్రామే జవాబు చెప్పొచ్చు, అందుకే దానికి ఫంక్షన్ ఇచ్చారు. పైగా అది దాచేదేం కాదు. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌ని రిక్వెస్ట్స్ ఆప్షన్‌తో కొడితే ఏ ప్రోగ్రామ్ మెషీన్‌ని మేలుకొలిపి ఉంచుతోందో పేరుతో సహా కనిపిస్తుంది. రెండోదానికి విండోస్ చూసేది చివరిసారి కీబోర్డో మౌసో ఎప్పుడు కదిలిందన్నదే. నీ స్క్రిప్ట్ సరిగ్గా ఆ లెక్కలోకే దొంగ హాజరు వేస్తోంది. నువ్వు ఇంట్లో పడుకుని ఉంటావు, నీ లాగిన్‌తో డెస్క్‌టాప్ బార్లా తెరిచి ఉంటుంది. హౌస్‌కీపింగ్ వాళ్లు వస్తారు, పక్క టీమ్ వాళ్లు వస్తారు, నీ మెయిల్ అక్కడే ఉంటుంది. ఆ రాత్రి ఏం జరిగినా మెషీన్ లాగ్ రికార్డులో ఉండేది నీ పేరే.

కార్డు చెల్లింపుల డేటా ఉన్న చోటైతే ఇది ఐటీ వాళ్ల చాదస్తం కూడా కాదు. కార్డు డేటా భద్రతా ప్రమాణమైన పీసీఐ డీఎస్ఎస్ ప్రకారం 15 నిమిషాలకు మించి ఐడిల్‌గా ఉన్న సెషన్‌కి మళ్లీ లాగిన్ అడగాల్సిందే.

మానిటర్ మల్లన్న
సత్తెన్న గారూ, లాక్ సంగతి ఒప్పుకుంటా. కానీ జనం ఈ స్క్రిప్టుల దాకా ఎందుకు వచ్చారో అది కూడా మాట్లాడండి. ఆఫీసు చాట్ యాప్ టీమ్స్‌లో ఐదు నిమిషాలు మౌస్ కదలకపోతే "అవే" (సీట్లో లేరు) అని పసుపు గుర్తు పడుతుంది. నేను కాగితం మీద డేటాబేస్ డిజైన్ గీసుకుంటూ ఉంటా, ఇంతలో మేనేజర్ మెసేజ్: "ఆర్ యూ దేర్?" వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్లకి ఇది రోజూ ఉండే టెన్షనే. మెదడుతో చేసే పనిని మౌస్‌తో కొలవడమే పెద్ద అబద్ధం. దానికి ఇంకో అబద్ధంతో జవాబిస్తే మాకే నీతులా?

సర్వర్ సత్తెన్న
కొలత తప్పే, కాదనను. దాని మీద హెచ్‌ఆర్‌తో కొట్లాడండి, నేనూ మీ వెనకే ఉంటా. కానీ ఉద్యోగం మీదికి తెచ్చుకోకండి. 2024 మేలో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు డజనుకు పైగా ఉద్యోగుల్ని తీసేసింది, కీబోర్డు కదులుతున్నట్టు నటించారన్నదే కారణం. ప్రోగ్రామ్ పంపిన కదలికకి విండోస్ లోపల విడిగా గుర్తు ఉంటుంది, నిఘా సాఫ్ట్‌వేర్ దాన్ని చదవగలదు. మౌస్‌ని తనే కదిపే యూఎస్‌బీ జిగ్లర్ పరికరం కొంటే ఆ గుర్తు పడదు గానీ, కొత్త పరికరం తగిలించినట్టు రికార్డవుతుంది. రాత్రి మూడింటికి కూడా అదే వరసలో కదిలే మౌస్‌ని చూసి మనిషని ఎవరూ నమ్మరు.

పెంగ్విన్‌పిల్ల
రాత్రిషిఫ్ట్ గారూ, మీ టెస్టులు వెబ్‌వైతే హెడ్‌లెస్‌లో, అంటే స్క్రీన్ మీద విండో తెరవకుండానే, నడిపేయొచ్చు, లాక్ పడ్డా వాటికి పట్టదు. డెస్క్‌టాప్ యాప్ అంటున్నారు కాబట్టి తెరిచిన డెస్క్‌టాప్ కావాల్సిందే. దూరం నుంచి మెషీన్ వాడే రిమోట్ డెస్క్‌టాప్‌లోంచి బయటికొచ్చేటప్పుడు టీఎస్‌కాన్ కమాండ్‌తో సెషన్‌ని కన్సోల్‌కి (ఆ మెషీన్ సొంత స్క్రీన్‌కి) మళ్లిస్తే లాక్ పడకుండా ఉంటుంది.

సర్వర్ సత్తెన్న
అమ్మా, ఆ చిట్కా బల్ల మీది మెషీన్‌లో చేస్తే అసలు మానిటర్ మీద లాక్ లేని డెస్క్‌టాప్ ప్రత్యక్షమవుతుంది. మళ్లీ మొదటికే వచ్చాం. అది వర్చువల్ మెషీన్‌లోనే (సర్వర్ మీద సాఫ్ట్‌వేర్‌గా నడిచే, బల్ల మీద మానిటర్ లేని మెషీన్) చెయ్యాలి.

రాత్రిషిఫ్ట్
వర్చువల్ మెషీన్ అడిగితే అప్రూవల్ అంటారు, బడ్జెట్ అంటారు. ఈలోగా రిలీజ్ వచ్చి నెత్తిన కూర్చుంటుంది. టెస్టులు ఎందుకు నడవలేదని అడిగేది మాత్రం నన్నే. నా స్క్రిప్ట్ తప్పయితే, దారి చూపించకుండా తీసెయ్యమనడం కూడా తప్పే.

మానిటర్ మల్లన్న
అదీ మాట!

సర్వర్ సత్తెన్న
ఆ మాట నిజమే. వద్దనడం మా ఐటీ వాళ్లకి తేలిక. అయితే ఐటీకి వేసే టికెట్‌లో "లాక్ తీసెయ్యండి" అని రాయకు, చదవకుండానే క్లోజ్ చేస్తారు. టెస్టులకు విడిగా ఒక వర్చువల్ మెషీన్, దానికి నీది కాని సర్వీస్ అకౌంట్ (మనిషికి కాక పనికి ఇచ్చే లాగిన్), ఆ అకౌంట్‌కి మెయిలూ షేర్డ్ ఫోల్డర్లూ ఏవీ లేకుండా, లాక్ పాలసీ మినహాయింపు ఆ ఒక్క మెషీన్‌కే అని రాయి. లాక్ వల్ల ఫెయిలైన టెస్టుల రిపోర్ట్ జత చెయ్యి. మీ మేనేజర్‌ని సీసీలో పెట్టు, రిలీజ్ తేదీ సబ్జెక్ట్ లైన్‌లోనే కనపడాలి.

రాత్రిషిఫ్ట్
సరే, ఇవాళే వేస్తా. మెషీన్ వచ్చేదాకా రాత్రి టెస్టులు ఎవరు నడుపుతారన్నది కూడా అందులోనే అడుగుతా.