'ప్రెజెంట్ మెంబర్స్', 'మెంబర్స్ ప్రెజెంట్': విశేషణం ఎప్పుడు వెనక్కి వెళ్తుంది?

ఇంగ్లీషులో మీటింగు మినిట్స్ రాస్తుంటాను. 'ది మెంబర్స్ ప్రెజెంట్' అంటే ఆ రోజు హాజరైనవాళ్లు. 'ది ప్రెజెంట్ మెంబర్స్' అంటే ప్రస్తుతం సభ్యత్వం ఉన్నవాళ్లు, మీటింగుకి రాకపోయినా సరే. 'కన్సర్న్డ్' కూడా ఇంతే: 'ది పేరెంట్స్ కన్సర్న్డ్' అంటే ఆ విషయంతో సంబంధం ఉన్న తల్లిదండ్రులు, అదే మాట ముందు పెడితే మామూలుగా ఆందోళన పడుతున్న తల్లిదండ్రులు. మినిట్స్‌లో ఇది చిన్న తేడా కాదు, ఓటు వేసిందెవరన్నదే మారిపోతుంది.

నిఘంటువు చూస్తే అర్థాలు దొరికాయి గానీ సూత్రం దొరకలేదు. గ్రామర్ చెకర్ రెండింటినీ ఒప్పుకుంటోంది. మధ్యలో 'హూ ఆర్' పెట్టి చూసి, వాక్యం కుదిరితే విశేషణాన్ని వెనక పెట్టొచ్చేమో అనుకున్నాను. 'ప్రెజెంట్'కి బాగానే పనిచేసింది. కానీ 'ది మెంబర్స్ హూ ఆర్ టాల్' సరైనదే, 'ది మెంబర్స్ టాల్' మాత్రం తప్పు. 'అవైలబుల్' అయితే ఎటు పెట్టినా చెల్లుతోంది, అదింకా తికమక.

నామవాచకం వెనక ఒంటరిగా నిలబడగల విశేషణాలను ముందే గుర్తుపట్టే పద్ధతి ఏదైనా ఉందా, లేక ఒక్కొక్కటీ కంఠస్థం చేయాల్సిందేనా?