అమ్మతో ఐదు గంటల లేఓవర్: డబ్బులు కట్టి లౌంజ్ తీసుకోవాలా?

వచ్చే నెల అమ్మను వెంటబెట్టుకుని విమానంలో వెళ్తున్నాను. మధ్యలో ఐదు గంటల లేఓవర్ ఉంది, అంటే రెండో విమానం కోసం అంతసేపు ఎయిర్‌పోర్టులో ఆగాలి. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. గట్టి కుర్చీలో గంట కూర్చుంటే లేవడానికి చెయ్యి అందించాలి. పోయినసారి గేటు దగ్గర నా సూట్‌కేసు పడుకోబెట్టి, దాని మీద స్వెటర్ మడిచి వేసి అమ్మ పాదాలు పెట్టించాను. ఎవరైనా అటుగా వస్తే చాలు, దారికి అడ్డమేమోనని కాళ్లు తీసేసుకునేది. మళ్లీ పెట్టించేలోపు ఇంకొకరు వచ్చేవారు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

నా క్రెడిట్ కార్డు మీద లౌంజ్ (ఎయిర్‌పోర్టులో మెత్తటి కుర్చీలు, తిండి ఉండే విశ్రాంతి గది) సౌకర్యం లేదు. ఇద్దరికీ కట్టాలంటే తక్కువేమీ కాదు. తీరా లోపల కూడా జనమే ఉంటే?

జవాబు 1
మీరైతే తీసుకోండి. నేను పని మీద తరచూ తిరుగుతాను. ఒంటరిగా వెళ్తే లౌంజ్‌కి డబ్బు పెట్టను, మా నాన్న పక్కన ఉంటే తప్పకుండా పెడతాను. అక్కడి తిండి కోసం కాదు, వీపు ఆనించి కూర్చునే మెత్తటి కుర్చీ, దగ్గర్లో బాత్రూమ్, ఈ రెండింటి కోసం.

అయితే చాలా లౌంజ్‌లలో ఒకసారి కట్టిన డబ్బుకు మూడు గంటలే ఉండనిస్తారు. దిగగానే వెళ్లిపోతే చివరి రెండు గంటలు మళ్లీ గేటు దగ్గరే. అందుకని మొదట బాత్రూమ్, భోజనం, మందులు బయటే కానిచ్చి, ఆ మూడు గంటలు చివరికి ఉంచుకోండి. లౌంజ్ మీ రెండో విమానం ఎక్కే టెర్మినల్‌లోనే ఉందో లేదో కట్టే ముందే చూసుకోండి. వేరే టెర్మినల్ అయితే మళ్లీ సెక్యూరిటీ లైన్లో నిలబడాల్సి రావచ్చు. ఆ మోకాళ్లతో అది వద్దు. ఇంకో మాట, చాలా లౌంజ్‌లలో బోర్డింగ్ అనౌన్స్‌మెంట్లు వినిపించవు. ఫోన్లో అలారం పెట్టుకోండి.

జవాబు 2
నా అనుభవం వేరు. సాయంత్రం రద్దీలో డబ్బు కట్టి వెళ్తే లోపల ఖాళీగా ఉన్నవి కిటికీ పక్కన ఎత్తు స్టూళ్లే. నా విమానానికి గంటన్నరే ఉంది, అందులో అరగంట లైన్లోనే పోయింది. రెండు గంటల లోపైతే ఎవరికీ చెప్పను. మీది ఐదు గంటలు కాబట్టి ఆలోచించవచ్చు, కానీ ముందుగా బుక్ చేసుకోనిచ్చే లౌంజ్ అయితేనే.

అసలు 1939లో న్యూయార్క్ లాగార్డియా ఎయిర్‌పోర్టులో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అడ్మిరల్స్ క్లబ్ అనే లౌంజ్ తెరిచినప్పుడు పిలుపు అందినవాళ్లకే ప్రవేశం. ఇప్పుడు క్రెడిట్ కార్డుల పుణ్యమా అని చాలామందికి తలుపులు తెరుచుకున్నాయి, అది మంచిదే. కానీ కార్డు చేతిలో ఉన్నా లోపల నిండితే ఆపేస్తారు. చాలా లౌంజ్‌లలోకి రానిచ్చే ప్రయారిటీ పాస్ లాంటి సభ్యత్వాలకూ ఖాళీని బట్టే ప్రవేశం అన్న షరతు ఉంది. ఏడాదికి ఒక్క ప్రయాణానికి సభ్యత్వం జోలికి వెళ్లకండి.

జవాబు 3
లౌంజ్ సంగతి తర్వాత, ముందు అమ్మగారికి వీల్‌చైర్ సాయం అడిగారా? యూరప్, అమెరికా నిబంధనల ప్రకారం అది ఉచితం. యూరప్‌లో కనీసం 48 గంటల ముందు చెప్పాలి. మా అత్తగారు మొదట మొహమాటపడి వద్దన్నారు. దిగాక తర్వాతి గేటు వరకు నడవక్కర్లేదని తెలిశాక, తిరుగు ప్రయాణానికి ఆవిడే గుర్తు చేశారు. లౌంజ్ దగ్గర దింపి, మళ్లీ ఎన్నింటికి రావాలో వీల్‌చైర్ తోసే సహాయకుడితో ముందే మాట్లాడుకోండి. లేకపోతే గేటు దాకా నడిపించేది మీరే.

అడిగినవారు
వీల్‌చైర్ ఆలోచనే రాలేదండీ, ఇప్పుడే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి చెప్పాను. లౌంజ్ మా టెర్మినల్‌లోనే ఉంది, చివరి మూడు గంటలకు ఇద్దరికీ బుక్ చేశాను. అమ్మకు ఎంత కట్టానో మాత్రం చెప్పలేదు. చెబితే రానంటుంది.