ఏరో ఇండియా ఎయిర్ షోకి పిల్లాడిని తీసుకెళ్లొచ్చా?
మాది హనుమకొండ. మా అక్క కొడుకుకి ఎనిమిదేళ్లు, ఫైటర్ జెట్లంటే పిచ్చి. ఈసారి కాజీపేటలో రైలెక్కించి బెంగళూరు యలహంక తీసుకుపోదామని నా ఆలోచన. ఎయిర్‌ఫోర్స్ విన్యాసాల టీమ్ సూర్యకిరణ్ వాళ్ల హాక్ జెట్‌లు తొమ్మిది, రెక్కకు రెక్క తగులుతుందేమో అన్నట్టు తిరుగుతుంటే వీడియోలోనే ఒళ్లు జలదరిస్తుంది!

అక్కకేమో టెన్షన్. 2010లో బేగంపేట షోలో నేవీ కిరణ్ విమానం బోయిన్‌పల్లిలో బిల్డింగ్ మీద కూలింది, 2019లో యలహంకలోనే రిహార్సల్‌లో రెండు హాక్‌లు ఢీకొన్నాయి, 2025లో దుబాయ్‌లో తేజస్ ఫైటర్ జెట్ కూలింది... అన్నీ ఏకరువు పెడుతోంది. కాదనలేను.

చూసొచ్చినవాళ్లు చెప్పండి: విన్యాసాలు జనానికి ఎంత దూరంలో జరుగుతాయి? నేరుగా తల మీదుగా వస్తాయా? సుఖోయ్ మోతకి పిల్లాడి చెవుల్లో దూది చాలా, ఇయర్‌మఫ్స్ కొనాలా? ఎయిర్‌ఫోర్స్‌లో చేసినవాళ్లుంటే ఇంకొకటి, అంత కిందుగా ఎగిరేటప్పుడు తేడా వస్తే పైలట్‌కి ఎజెక్ట్ అయ్యే (సీటుతో సహా బయటికి ఎగిరిపడే) టైం దొరుకుతుందా?