తక్కువ ధరల డైనమో హబ్: ఏది కొనాలె, పాత రిమ్ముకే అల్లుకోవచ్చా?

దేవరకొండ_సైకిల్
దేవరకొండ నుంచి నల్లగొండ దారిల పొద్దుగూకినంక సైకిల్ తొక్కేటోళ్లకు లైటు బాధ తెల్సిందే. కోతల కాలంల సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడ్తరు. చార్జింగ్ లైటు సరిగ్గ ఆ టైముకే దిగిపోతది. టైరుకు ఆనుకునే డైనమో వానల జారుతది. అందుకే ముందు చక్రానికి డైనమో హబ్ (చక్రం నడుమల ఉండి, తిరిగినప్పుడు కరెంటు ఇచ్చేది) వేయిద్దామనుకుంటున్న. సైకిల్‌కు 26 ఇంచుల అలాయ్ రిమ్ము, 36 బొక్కలు, వీ-బ్రేకు (రిమ్మును పట్టి ఆపేది), స్టీలు ఫోర్కు ఉన్నయ్. ఏ హబ్ తీస్కోవాలె? ఇప్పుడున్న పుల్లలే పనికొస్తయా? ఫోన్ కూడ చార్జ్ అయితదా?

పుల్లల_లెక్క
తమ్మీ, వాట్లు తర్వాత చూద్దం. రిమ్ముకు ఎన్ని బొక్కలు, ఫోర్కు కాళ్ల మధ్య ఎంత సందు, బ్రేకు ఏది, ముందు గివి చూస్కో. 36 బొక్కల రిమ్ముకు 36 హబ్బే కావాలె. 32ది చవకగ దొరికిందని తెస్తే రిమ్ము కూడ మార్చాలె, మిగిలిన పైసలు అక్కడ్నే పోతయ్. ఫోర్కు లోపలి సందు 100 మి.మీ. ఉండాలె. పాత నల్ల సైకిళ్ల ఫోర్కు ఇంతకంటె ఇరుకుగ ఉంటది, యాక్సిల్ కూర్చునే గాడి కూడ సన్నం. స్టీలుది కాబట్టి కొద్దిగ వెడల్పు చేయొచ్చు, అలాయ్ ఫోర్కునైతే అట్ల గుంజొద్దు. నీది వీ-బ్రేకు, డిస్కు హబ్‌కు పైసలు పెట్టే పని లేదు.

నీ సైకిల్‌కు షిమానో డీహెచ్-సీ3000-3ఎన్ చాలు. 6 వోల్టులు, 3 వాట్లు. నట్లతోని, క్విక్ రిలీజ్‌తోని (పానా లేకుండ చేతితోని విప్పేది) రెండు తీర్ల దొరుకుతది. అంగడి దగ్గర నిలబెట్టి పోయే సైకిలైతే నట్లదే నయం. షటర్ ప్రిసిషన్ పీవీ-8 తేలిక, తొక్కేటప్పుడు బరువు తక్కువ అనిపిస్తది, ధర ఎక్కువ. జర్మనీ ష్మిట్ సోన్ మన లెక్కలకు రాదు. స్టర్మీ ఆర్చర్ ఎక్స్-ఎఫ్‌డీడీల డ్రమ్ము బ్రేకు కూడ హబ్బులనే ఉంటది, బురదల మంచిగ ఆగుతది. గని హబ్బే బరువు, పైగ బ్రేకు చెయ్యిని ఫోర్కుకు పట్టీ వేసి బిగించాలె.

పాత పుల్లలు పనికిరావు. మామూలు ముందు హబ్‌ల పుల్లల బొక్కల వలయం అడ్డంగ 38 మి.మీ. దగ్గర ఉంటది, ఈ షిమానో డైనమో హబ్‌ల దగ్గరదగ్గర రెండింతలు. హబ్ పెద్దగైతే పుల్ల పొట్టిగ కావాలె. ఎంత పొట్టి అన్నది అందాజ మీద చెప్పొద్దు, కొలువాలె.

రెండు పాత పుల్లలను మర దిక్కు కాకుండ తల దిక్కు కోసి, కొత్త వంపు నుంచి మర కొస దాక సరిగ్గ 200 మి.మీ. ఉండేటట్టు వంచు. రిమ్ముల ఒకటో బొక్కల ఒకటి, పంతొమ్మిదో బొక్కల ఒకటి పెట్టి, పుల్ల కొస నిపుల్ (పుల్లను రిమ్ముకు బిగించే చిన్న నట్టు) గాడి అడుగుకు సమానం వచ్చేదాక నిపుల్ తిప్పు. రెండు వంపుల నడుమ సందు కొలిచి 400 కలుపు. సందు 140 వస్తే రిమ్ము లెక్క 540. ఇంకో చోట కూడ కొలువు, రిమ్ము గుండ్రంగ లేకుంటే అప్పుడే తెలుస్తది.

రిమ్ము 540, హబ్ వలయం 80, హబ్ నడుమ నుంచి ఫ్లాంజి (పుల్లలు దూరే హబ్ అంచు) దాక 30, మూడు క్రాసుల అల్లిక (ఒక్కో పుల్ల ఎదురొచ్చేటివి మూడింటిని దాటేది) అనుకో. 540ల సగం 270, 80ల సగం 40: 270² + 40² + 30² − (2 × 270 × 40 × 0.5) = 64,600. వర్గమూలం 254.2. హబ్‌ల పుల్ల దూరే బొక్క వెడల్పుల సగం, 1.3, తీసేస్తే 252.9, అంటే 252 కొను. 0.5 అన్నది 36 బొక్కలకు, మూడు క్రాసులకు మాత్రమే. అదే రిమ్ముకు మామూలు హబ్‌తోని 262 వస్తది. ఆ పది మి.మీ. కోసేస్తే సరిపోదా అంటే సరిపోదు, మర మొత్తం అందుల్నే పోతది. మర తీసే మెషిన్ ఉన్న షాపుల చేయించు, లేకుంటే సైజు చెప్పి తెప్పించు. 2 మి.మీ. మందం స్టెయిన్‌లెస్, 36కు 4 ఎక్కువ తీస్కో. ఈ అంకెలు లెక్క చూపేందుకే, నీ హబ్ చేతికొచ్చినంక కొలిచి పుల్లలు ఆర్డర్ పెట్టు.

జడ్చర్ల_పాతబండి
ఇంత ఖర్చు ఎందుకన్నా? టైరు డైనమో జారేది చాలాసార్లు బిగించిన తీరు వల్లనే. డైనమో నిలువు గీత కిందికి పొడిగిస్తే చక్రం యాక్సిల్ నడుమకు పోవాలె. పక్కకు వాలితే టైరును తినుకుంట జారుతది. రోలరుకు రబ్బరు టోపీ వేస్తే వానల కూడ కొంత పట్టుకుంటది.

పుల్లల_లెక్క
నెలకు ఒకసారి రాత్రి తొక్కేటోనికి అది చాలు, నిజమే. రోజు తొక్కేటోనికి కాదు. వానల టైరు గోడ మీద బురద ఉన్నంతసేపు టోపీ వేసినా జారుడే.

దేవరకొండ_సైకిల్
హబ్బే ఖాయం. అల్లిక ఇంట్లనే చేద్దామనుకుంటున్న, ఎక్కడ తప్పు పోతదో చెప్పున్రి.

రిమ్ము_మేస్త్రి
పుల్లల మరలకు, రిమ్ముల నిపుల్ కూర్చునే చోట ఒక్కొక్క చుక్క నూనె పెట్టు. లేకుంటే బిగించేటప్పుడు పుల్ల మెలిపడి, రోడ్డు మీద విప్పుకొని చక్రం ఔట్ అయితది.

ఒక ఫ్లాంజిల బొక్క విడిచి బొక్కకు 9 పుల్లలు బయటి నుంచి లోపలికి పెట్టు. మొదటిది వాల్వు బొక్క పక్కన, తర్వాత రిమ్ముల ప్రతి నాలుగో బొక్కకు ఒకటి. రెండో ఫ్లాంజి బొక్కలు మొదటి దానికి ఎదురెదురు ఉండవు, సగం జరిగి ఉంటయ్. హబ్ నిలువుగ పట్టి చూసి ఆ పక్కదాంట్ల మొదలుపెట్టు. తప్పు ఎక్కువ జరిగేది ఇక్కడ్నే. 18 అయినంక హబ్ తిప్పి, మిగిలిన 18 లోపలి నుంచి బయటికి తీయి. ప్రతి పుల్ల ఎదురొచ్చేటివి రెండింటిని బయటి నుంచి దాటాలె, మూడోదాని లోపలి నుంచి పోవాలె. వాల్వుకు రెండు పక్కల పుల్లలు ఇంచుమించు సమాంతరంగ రావాలె. అక్కడ క్రాసు పడితే పంపు పట్టదు, విప్పి మళ్ల అల్లుడే.

అన్ని నిపుల్స్ మర కనబడకుండ అయ్యేదాక తిప్పి, తర్వాత చుట్టుకు సగం తిప్పు చొప్పున బిగించు. ఎగుడుదిగుడు ముందు సరిచేయి, పక్కల ఔట్ తర్వాత తీయి. నడుమల రెండేసి సమాంతర పుల్లలను చేతితోని గట్టిగ పిసుకు. కిటకిట చప్పుడు వస్తది, చక్రం మళ్ల కొంచెం వంకర పోతది, మళ్ల తీయి. చప్పుడు ఆగేదాక ఇదే. ఔట్ అర మి.మీ. లోపల వస్తే చాలు. పుల్లలను మీటితే ఒక పక్కవన్నీ ఒకే స్వరం రావాలె. మరీ బిగిస్తే నిపుల్ బొక్కల దగ్గర అలాయ్ రిమ్ము పగుళ్లిస్తది.

యాక్సిల్ చేతితోని తిప్పితే గుటుకు గుటుకుమని ఆగుతది. అది అయస్కాంతాల గుంజుడు, బేరింగ్ పోలేదు. హబ్ విప్పొద్దు, లోపలి తీగ తెగితే హబ్ దండుగ.

కరెంటు_కాక
అల్లిక అయింది, తీగల సంగతి నేను చెప్త. కనెక్టరు కుడి దిక్కు రావాలె. చక్రం విప్పే ముందు దాన్ని ఊడదీయి. ఫోర్కు వెంట తీగ కట్టేటప్పుడు హ్యాండిల్ రెండు దిక్కుల పూర్తిగ తిప్పి చూసి, తీగ వదులు ఉంచి కట్టు.

హబ్ ఇచ్చేది ఏసీ. మల్టీమీటర్ డీసీల పెట్టి సున్నా చూసి హబ్ పోయిందనుకుంటరు, ఏసీల పెట్టి చక్రం తిప్పు. డైనమో కోసం చేసిన ఎల్‌ఈడీ లైటే కొను, ఆగినప్పుడు కొద్దిసేపు వెలిగే రకమైతే ఇంకా మంచిది. స్కూటర్ల 12 వోల్టుల ఎల్‌ఈడీ నేరుగ తగిలియ్యొద్దు. ఎంత లోడు పెట్టినా హబ్ ఇంచుమించు అర ఆంపియరే తోస్తది. పాత ఫిలమెంటు బల్బులైతే ముందుది 2.4, వెనకది 0.6 వాట్లు. ముందుది మాడితే ఆ కరెంటంతా వెనకదానికి పోయి అది కూడ మాడుతది. లైటు తీగ ఊడి ఉన్నప్పుడు వేగంగ పోతే వోల్టులు పదుల్ల లేస్తయ్, చార్జర్ సొంతంగ కట్టుకునేటోళ్లు ఇది మర్చిపోవద్దు.

ఫోన్ నేరుగ పెట్టకు. ఆగినప్పుడల్లా చార్జింగ్ తెగి తెగి వస్తది. నడుమ పవర్ బ్యాంకు పెట్టి, పగటిపూట లైటు బంద్ చేసి దాన్ని నింపు. 15 కి.మీ. వేగంల వచ్చేది మూడు వాట్ల లోపలే, నిండేందుకు టైము పడ్తది.

దేవరకొండ_సైకిల్
ఫోర్కు కొలిచిన, 100 ఉంది. కనెక్టర్ల వాన నీళ్లు పోతే ఎట్ల?

కరెంటు_కాక
తీగ కొసలకు కొంచెం వాజలైన్ పూసి కనెక్టరు మూత పెట్టు. వానకాలం అయినంక ఒకసారి తీసి చూడు, పచ్చగ పట్టి ఉంటే ఆ కొస కోసి కొత్తగ చెక్కి పెట్టు.